మరపడవలలో పాత, కొత్త నావిక తెరల అనుసంధానం

సముద్ర వేటకు వెళ్లే మరపడవలలో స్థానం, దిశ, లోతు చూపే పరికరాలన్నీ ఒకేసారి అమర్చినవి కావు. పాత జీపీఎస్ పక్కన కొత్త చార్ట్ ప్లాటర్, ఎకో సౌండర్ పక్కన ఇతర నౌకల ఉనికిని తెలిపే ఏఐఎస్ క్రమంగా వచ్చి చేరుతుంటాయి. పాతవి సక్రమంగా పనిచేస్తున్నంత కాలం వాటిని తొలగించవలసిన అవసరం లేదు. అయితే ఈ రెండు తరాల పరికరాలు సమాచారాన్ని పంపే పద్ధతులు వేరు కనుక వాటిని నేరుగా తీగలతో కలపరాదు.

రెండు ప్రమాణాలు

అమెరికాలోని నేషనల్ మెరైన్ ఎలక్ట్రానిక్స్ అసోసియేషన్ 1983లో ఎన్ఎంఇఏ 0183 ప్రమాణాన్ని రూపొందించింది. ఇందులో ఒక పరికరం సమాచారాన్ని పంపగా మిగిలినవి స్వీకరిస్తాయి. దీని సాధారణ వేగం సెకనుకు 4,800 బిట్లు. అనంతరం వచ్చిన ఎన్ఎంఇఏ 2000 ప్రమాణంలో ఒకే ప్రధాన కేబులుకు 50 వరకు పరికరాలను కలుపవచ్చు. ప్రతి పరికరమూ సమాచారాన్ని పంపగలదు, స్వీకరించగలదు. దీని వేగం సెకనుకు 2,50,000 బిట్లు.

గేట్‌వే పాత్ర

ఈ రెండింటి మధ్య దుబాసీ వలె పనిచేసే చిన్న పరికరమే గేట్‌వే. దీనిని అమర్చేటప్పుడు పాత పరికరం వేగాన్ని సరిచూడాలి. ఏఐఎస్ సమాచారం సాధారణంగా 38,400 బిట్ల వేగంతో వస్తుంది. స్వీకరించే తెరను 4,800 వద్దనే ఉంచిన యెడల సమీపంలోని నౌకలు తెరపై కనిపించవు. అటువంటి ఖాళీ తెరను చూసి సముద్రం ఖాళీగా ఉన్నదని సరంగు భావించడం ప్రాణాపాయానికి దారితీయవచ్చు.

పాటించవలసిన జాగ్రత్తలు

కొత్త నెట్‌వర్క్ 12 వోల్టుల విద్యుత్తుపై పనిచేస్తుంది. 24 వోల్టుల బ్యాటరీలు గల పడవలలో తగిన కన్వర్టరు, ఫ్యూజు తప్పనిసరి. ప్రధాన కేబులు రెండు చివరల 120 ఓమ్‌ల టెర్మినేటర్లు ఉండాలి. విద్యుత్తు ఆపి సమాచార తీగల మధ్య మల్టీమీటరుతో కొలిచినప్పుడు సుమారు 60 ఓమ్‌లు చూపితే రెండూ సరిగా ఉన్నట్లు భావించవచ్చు. ప్రధాన కేబులు నుండి ఒక్కో పరికరానికి వెళ్లే తీగ 6 మీటర్లు మించరాదు.

లోతు విషయంలో మరింత అప్రమత్తత అవసరం. ఒక తెర నీటి ఉపరితలం నుండి, మరొకటి పడవ అడుగున గల సెన్సారు నుండి లోతును చూపవచ్చు. రెండు తెరలూ ఒకే కొలతను చూపునట్లు సరిచేయాలి.

నిషేధ కాలం అనువైన సమయం

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు అమలయ్యే వేట నిషేధ కాలంలో పడవలు జెట్టీల వద్దనే నిలిచి ఉంటాయి. మరమ్మతులతో పాటు ఈ పనిని కూడా అప్పుడే పూర్తిచేసి, స్థానం, లోతు, సమీప నౌకల వివరాలను రెండు తెరలపై పోల్చి చూసుకోవడం శ్రేయస్కరం. పాత జీపీఎస్‌కు విద్యుత్తును నెట్‌వర్క్‌తో సంబంధం లేకుండా విడిగా అందించిన పక్షంలో, నడిసముద్రంలో నెట్‌వర్క్ విఫలమైనప్పటికీ ఒడ్డుకు దారి చూపే తెర ఒకటి మిగిలి ఉంటుంది.