రేసు కారు బండెక్కి ఎందుకు పోతుంది?



పోయినసారి మన గోడ పత్రికలో రేసు కారు బొమ్మ అంటించినప్పుడు ఎనిమిదో తరగతి చెల్లెలు ఒకామె "ఈ కారు రేసు జరిగే చోటికి కూడా ఇంతే స్పీడుగా పోతుందా అక్కా?" అని అడిగింది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఎందుకంటే మా అన్నను నేనూ అదే అడిగాను.

మా అన్న చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ఒక షెడ్డులో హెల్పరు. అక్కడ 1990లో మొదలైన రేసు ట్రాక్ ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు అన్న చెప్పిందే రాస్తున్నాను.

రేసు కారుకు నంబరు ప్లేటు ఉండదు. కడుపు నేలకు ఆనినట్టే ఉంటుంది. మామూలు రోడ్డు మీద నడపనివ్వరు. పైగా రేసులో చెడిపోతే ఇంటికి ఎట్లా తేవాలి? అందుకని ట్రైలరు మీద తీసుకుపోతారు. (ర్యాలీ కార్లు వేరు. వాటికి నంబరు ప్లేటు ఉంటుంది, మధ్యలో రోడ్డు మీద అవే నడిచిపోతాయి.) ట్రైలరు అంటే మనకు తెలియనిదేం కాదు. హాస్టలుకు బియ్యం తెచ్చే ట్రాక్టరు వెనక తొట్టి ఉంటుంది కదా, అట్లాంటిదే.

ట్రైలరు తీసుకునేటప్పుడు అందరూ కారు అందులో పడుతుందా అని పొడవు చూస్తారంట. అన్న మాత్రం ముందు బరువు చూడాలంటాడు. కారు 1000 కిలోలు అనుకోండి. ట్రైలరు సొంత బరువు 600. విడి టైర్లు, జాకీ, పనిముట్లు 150. మొత్తం 1750. ట్రైలరు మోయగలిగిన బరువు ఇంతకంటే ఎక్కువ ఉండాలి, లాగే బండికీ అంత సత్తువ ఉండాలి. చాలామంది ట్రైలరు సొంత బరువు కలపడమే మర్చిపోతారంట. ఇంత బరువుకు రెండు చక్రాలదాని కంటే నాలుగు చక్రాలది నయం, ఒక టైరు పేలినా మిగతావి ఆపుకుంటాయి. దానికి సొంత బ్రేకులు కూడా ఉండాలి. లేకపోతే ఘాటీ దిగేటప్పుడు వెనక నుంచి అదే మనల్ని నెడుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మా నాన్న ఎడ్లబండిలో ధాన్యం బస్తాలు వేసేటప్పుడు కాడిని చేత్తో ఎత్తి చూస్తాడు. వెనక బరువు ఎక్కువైతే కాడి పైకి లేచి ఎడ్ల గొంతు కింద తాడు బిగుసుకుంటుంది. ముందు ఎక్కువైతే మెడలు వంగిపోతాయి. "ఇంకో బస్తా ముందుకు జరపండి" అంటాడు. రేసు కారుకూ ఇదే లెక్క. మొత్తం బరువులో 100కి 10 నుంచి 15 కిలోలు ముందున్న కొక్కెం మీద పడాలి. అంటే 1750కి సుమారు 175 నుంచి 260 కిలోలు. లాగే బండి పుస్తకంలో ఇంతకంటే తక్కువ రాసి ఉంటే పుస్తకం మాటే వినాలి. కారును కొంచెం ముందుకో వెనక్కో జరిపి ఈ బరువు సరిచేస్తారు. కొన్ని రేసు కార్లకు ఇంజను వెనక ఉంటుంది, అందుకని కంటితో చూసి చెప్పలేం, కాటా పెట్టి చూడాల్సిందే.

వెనక బరువైతే స్పీడులో ట్రైలరు కుక్క తోక ఆడించినట్టు అటూ ఇటూ ఊగుతుంది. ఊపు పెరిగి పెరిగి ముందు బండినే తిప్పి పడేస్తుంది. అప్పుడు గట్టిగా బ్రేకు తొక్కకూడదు. స్టీరింగు తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటరు మీద కాలు మెల్లగా తీసేయాలి.

ఇదంతా అన్న పుస్తకంలో చదవలేదు. ఏడో తరగతిలో బడి మానేసి మా ఊళ్లో ఇటుకల ట్రాక్టరు మీద పనికి పోయేవాడు. ఒకరోజు రెండు చక్రాల తొట్టిని ట్రాక్టరు నుంచి విప్పేసి, ముందు వైపు ఇటుకలు దించారు. వెనక ఇటుకలు అట్లాగే ఉన్నాయి. తొట్టి ముందు భాగం ఒక్కసారి లేచింది, వెనక భాగం అన్న కాలి మీద పడింది. రెండు వేళ్లు పోయాయి. అమ్మ వారం రోజులు అన్నం తినలేదు. ఇప్పుడు ఆ షెడ్డులో ఏ కారు ఎక్కించాలన్నా ముందు అన్ననే పిలుస్తారు.

అన్న ఎట్లా ఎక్కిస్తాడంటే, ముందు చదునైన చోట ట్రైలరును లాగే బండికి తగిలిస్తాడు. విడిగా ఉన్నదాని మీదికి ఏదీ ఎక్కించనివ్వడు. చక్రాలకు అడ్డాలు పెడతాడు. కారు కడుపు తగలకుండా పొడవాటి పలకలు వేసి మెల్లగా ఎక్కిస్తాడు, కారు వెనక ఎవర్నీ నిలబడనివ్వడు. హ్యాండ్ బ్రేకు ఉంటే వేస్తాడు. తరవాత నాలుగు మూలలా నాలుగు బెల్టులు, రెండు ముందుకు లాగేట్టు, రెండు వెనక్కి లాగేట్టు. మామూలు తాడు వద్దు, అది సాగుతుంది. బెల్టు కారు ఒంటికి కాక చక్రాలకు కడితే మంచిదంట. ఒంటికి కడితే గుంతల్లో స్ప్రింగులు కుంగినప్పుడల్లా బెల్టు వదులవుతుంది. కొక్కెం కింద రెండు గొలుసులు అడ్డంగా కత్తెర లాగా వేస్తారు. కొక్కెం ఊడినా ముందు భాగం రోడ్డు మీద పడకుండా ఆ గొలుసుల్లో పడుతుంది. పది ఇరవై కిలోమీటర్లు పోయాక ఆపి అన్నీ మళ్లీ బిగించాలి. టీ కోసం ఆపేది అందుకేనంటాడు అన్న!

పోయిన సోమవారం బియ్యం ట్రాక్టరు వచ్చినప్పుడు నేను చూశాను. దించడం తేలికని బస్తాలన్నీ వెనక తలుపు దగ్గరే వేసుకొచ్చారు. డ్రైవరు మామకు చెబితే "ఏం రేసు మేడమ్మా!" అని నవ్వాడు. శుక్రవారం సంతకు మనల్ని ఎక్కించేది కూడా ఆ తొట్టిలో బస్తాల మీదే. మేడంగారూ, ఈ శుక్రవారం మమ్మల్ని బస్సులో పంపండి. బస్సు రాకపోతే నడిచి పోతాం, నాలుగు కిలోమీటర్లే కదా.