విశ్వాసమా? చదువా? దళిత క్రైస్తవ బిడ్డల మీద 150 ఏళ్ల నాటి షరతు

ఇంటర్ పూర్తయి కౌన్సెలింగ్‌కు దరఖాస్తు పెట్టే రోజుల్లో ఎన్నో దళిత క్రైస్తవ ఇళ్లలో ఒకటే చర్చ: కులం సర్టిఫికెట్‌లో ఏం రాయించాలి? హిందూ మాదిగ, హిందూ మాల అని ఉంటే ఎస్సీ. క్రైస్తవులమని చెబితే బీసీ-సి. తెలుగు రాష్ట్రాల్లో ఎస్సీలకున్న రిజర్వేషన్ 15 శాతం, బీసీ-సి కింద ఉన్నది 1 శాతం. అంటే చదువు కావాలంటే దేవుణ్ణి దాచుకోవాలి, దేవుణ్ణి ఒప్పుకుంటే సీటు మీద ఆశ వదులుకోవాలి. ఈ షరతు కొత్తది కాదు. దీని మూలాలు తెలుసుకోవాలంటే ఒంగోలు దాకా వెళ్లాలి.

ఒంగోలు బడి ముందు మాదిగలు

అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. మొదట్లో ఆయన బడికి వచ్చింది పై కులాల పిల్లలే. అంతలో తాళ్లకొండపాడుకు చెందిన తోళ్ల వ్యాపారి, మాదిగ కులస్థుడు ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాడు. పేరయ్య ఏమీ తెలియని మనిషి కాదు. అంతకుముందే రాజయోగ గురువుల దగ్గర సాధన చేసినవాడు. ఆయన వెంట తోటి మాదిగలు రావడం మొదలవగానే ఊరి పెద్దలు అడ్డం తిరిగారు. మాదిగలను చేర్చుకుంటే మా పిల్లలను బడి మాన్పిస్తామన్నారు.

ఆ రోజు క్లౌ దంపతులు వేర్వేరు గదుల్లో బైబిల్ తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలోని ఒకే భాగం కనబడిందని ఆయనే రాసుకున్నాడు. లోకం నీచంగా చూసేవారినే దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగం అది. మాదిగలు లోపలికి వచ్చారు, పై కులాల పిల్లలు వెళ్లిపోయారు.

కరువులో నిలబడ్డ విశ్వాసం

విశ్వాసంలోకి వచ్చినవాళ్లు చచ్చిన గొడ్డు మాంసం మానేశారు, ఆదివారం పనికి వెళ్లలేదు, జాతరల్లో డప్పు కొట్టమన్నారు. ఇది పూజా విధానం మారడం మాత్రమే కాదు, వెట్టిని కాదనడం. అందుకే ఊళ్లు పగబట్టాయి. పని ఇవ్వలేదు, నీళ్లు ముట్టనివ్వలేదు, దొంగతనాలు అంటగట్టారు.

ఆపైన 1876-78 నాటి ధాత కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని పాలేల జనానికి కూలి చూపించాడు. దళిత బోధకులే అక్కడ పని మేస్త్రీలు. పగలు లెక్కలు రాసి, విశ్రాంతి వేళ వాక్యం చెప్పారు. తిండి కోసం మతం మారారన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. కానీ కరువు పని నడిచినంతకాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. పని ముగిశాకే, 1878 జులై 3న, ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు. కూలి ఆగిపోయాక వచ్చిన ఆ జనం అడిగింది గౌరవం. దానితో పాటే అడిగింది అక్షరం. పాలెంలో బోధకుడి గుడిసే ప్రార్థనా స్థలం, బడి కూడా.

చర్చి లోపల కూడా దారి సాఫీగా లేదు. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా పురాణాలు, కావ్యాలు చదివితే చర్చి పెద్దలకు గిట్టలేదు. పద్యం రాస్తే అగ్రవర్ణ పండితులకు గిట్టలేదు. రెండు పక్కలా వెలి ఎదుర్కొంటూనే 1941లో ‘గబ్బిలం’ ఇచ్చాడు.

మూడో పేరా చేస్తున్న పని

1950 నాటి రాజ్యాంగ (షెడ్యూల్డ్ కులాల) ఉత్తర్వులోని మూడో పేరా, హిందువులు కానివారిని ఎస్సీలుగా గుర్తించరాదంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే మిగిలారు. దీని దెబ్బ చదువు మీదే కాదు, రక్షణ మీద కూడా పడుతుంది. క్రైస్తవంలోకి మారిన వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని 2025లో ఒక పాస్టర్ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఇచ్చింది.

క్రైస్తవంలో కులం లేదు కదా, మరి ఎస్సీ హోదా ఎందుకని అడుగుతారు. బైబిల్‌లో లేదు, నిజమే. ఊళ్లో ఉంది. బాప్తిస్మం తీసుకున్న మాదిగకు ఊరివాళ్లు రెండో గ్లాసే ఇస్తారు. శ్మశానాలు, పెళ్లి సంబంధాలు చూస్తే చర్చిలోనూ కులం ఉంది. మతం మారితే కులం పోదన్నది వాస్తవమైతే, మతం మారితే హక్కు పోవడం అన్యాయం.

దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసింది. 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇదే కోరుతూ తీర్మానం చేసింది.

చేయాల్సింది

మూడో పేరా రద్దు కోసం పోరాటం సాగాల్సిందే. అప్పటిదాకా చర్చిలు చేతులు ముడుచుకుని కూర్చోనక్కర్లేదు. మిషన్ కాలేజీల సీట్లలో, ఫీజు రాయితీల్లో పాలెం బిడ్డలకు మొదటి చోటు ఇవ్వొచ్చు. ఆదివారం తప్ప తాళం పడి ఉండే మందిరాన్ని రాత్రి చదువులకు తెరవొచ్చు. సర్టిఫికెట్ భయంతో పేరు దాచుకున్న బిడ్డను విశ్వాసం లేనివాడని వేదిక మీద నుంచి నిందించడం మానాలి. దాచుకునే పరిస్థితి తెచ్చింది చట్టం, ఆ బిడ్డ కాదు.