పంపు నీటిని లాగదు

చిన్న తెరచాప పడవల్లో మరుగుదొడ్డికి సముద్రపు నీరే వాడతారు. పడవ అడుగున ఉన్న రంధ్రం నుంచి వాల్వు, జాలీ, హోస్ పైపు దాటి ఆ నీరు పంపుకు చేరుతుంది. ఒక్కోసారి హ్యాండిల్ ఎంత కొట్టినా చుక్క రాదు. వెంటనే పంపు విప్పి వాషర్లన్నీ మార్చేస్తుంటారు. కానీ మొదట అనుమానించాల్సింది పంపును కాదు, దాని ముందున్న పైపును. పంపు నీటిని లాగదు. తన లోపల పీడనాన్ని తగ్గిస్తుంది, అంతే. నీటిని పైకి నెట్టేది బయటి గాలి బరువు. ఫ్లోరెన్సులో ఉన్న శాస్త్రవేత్త టోరిచెల్లి 1644లో రాసిన ఉత్తరంలో పాదరసపు గొట్టం సాక్షిగా వాదించింది ఇదే. వాతావరణ పీడనం సుమారు 10 మీటర్ల నీటిని నిలబెడుతుంది. పడవలో నీరు ఎక్కాల్సింది సాధారణంగా ఒక మీటరు లోపే. పీడనం పదో వంతు తగ్గినా చాలన్నమాట. కాస్త అరిగిన పంపైనా ఆ మాత్రం పని చేయగలదు.

మరి నీరెందుకు రాదు? నీటిమట్టానికి పైనున్న పైపులో, పంపు నడిచేటప్పుడు, పీడనం బయటికంటే తక్కువ. అక్కడ సందు ఉంటే నీరు బయటికి కారదు, గాలి లోపలికి దూరుతుంది. తడి కనిపించదు కాబట్టే ఎవరికీ అనుమానం రాదు. పైగా గాలి చిక్కదనం నీటిలో యాభయ్యో వంతు మాత్రమే. నీటిచుక్క అతికష్టం మీద జారే సన్నని సందులోంచి గాలి ధారాళంగా వచ్చేస్తుంది. జాలీ మూత కింది రబ్బరు రింగు మీద ఒక్క ఇసుక రేణువు చాలు. పైపు చివర గట్టిపడి క్లిప్పు కింద వదులైనా అంతే. పడవలోకి నీరు తిరిగి పొంగకుండా పెట్టే గాలి వాల్వును పంపుకూ మరుగుదొడ్డికీ మధ్య కాక పంపుకు ముందే బిగిస్తే, ఇక మనమే గాలికి దారి ఇచ్చినట్టు.

నాచో, ప్లాస్టిక్ సంచో అడ్డుపడి ఉండకూడదా అని అడగవచ్చు. ఉండవచ్చు, కానీ అప్పుడు హ్యాండిల్ బిగుసుకుంటుంది, మెత్తని పైపు లోపలికి నొక్కుకుపోతుంది. గాలి దూరితే హ్యాండిల్ తేలిగ్గా ఆడుతుంది. పంపులో నీళ్లు పోస్తే పనిచేస్తోంది కదా, లోపం పంపుదేగా అనేది మరింత గట్టి అభ్యంతరం. ఊళ్లో బోరింగులో చెంబెడు నీళ్లు పోసి కొట్టినట్టే, తడి వాషరు సందులను మూస్తుంది. అది అరుగుదలకు సూచన నిజమే. అయినా తేల్చేది బకెట్ పరీక్షే. ముందు అడుగు వాల్వు మూయాలి. నీటిమట్టం కింద పైపు తెరిచి ఉంటే పడవే మునుగుతుంది. తర్వాత పంపుకు పొట్టి పైపు తగిలించి బకెట్లో ముంచాలి. నీరు వస్తే పంపు నిర్దోషి. మోటారు పంపుల్లో ఈ పరీక్ష వదిలేసి కొత్త రబ్బరు ఇంపెల్లర్ వేస్తే, గాలి మింగుతూ పొడిగా తిరిగి అదీ కాలిపోతుంది.

సందు ఎక్కడుందో పట్టాలంటే పీడనాన్ని తిరగేయాలి. అడుగు వాల్వు మూసే ఉంచి, పంపు నుంచి ఊడదీసిన పైపు చివరను ఎత్తిపట్టి నీళ్లు నింపాలి. ఇప్పుడు లోపలే పీడనం ఎక్కువ. ప్రతి అతుకు దగ్గరా పొడి కాగితం చుట్టి కాసేపు ఆగితే, ఇన్నాళ్లూ గాలి దూరిన చోటే కాగితం తడుస్తుంది.