యుద్ధం లేని విజయం

బొటనవ్రేలి గోటికంటె ఏమంత పెద్దది కాదు. తూకం నాలుగు గ్రాములకు లోపు. ఆ వెండిబిళ్లమీద ఒక మనిషి నేలపై మోకాలు మోపి ఉన్నాడు. షరాయి తొడుక్కున్నాడు; రోమకుల దృష్టిలో అది అనాగరికుల వేషం. చేతిలోని ధ్వజాన్ని ముందుకు చాచి ఎవరికో సమర్పిస్తున్నాడు. పుచ్చుకొనేవాడు బొమ్మలో లేడు. చుట్టూ ఉన్న లాటిను అక్షరాలు మాత్రం సీజర్ ఆగస్టస్ పేరునూ, ధ్వజాలు తిరిగి వచ్చిన వార్తనూ చెబుతున్నాయి. క్రీ.పూ. 19 ప్రాంతంలో రోము నగర టంకశాలలో ముద్రించిన దేనారియస్ అనే నాణెం ఇది. మోకరిల్లినవాడు పార్థియనుడు.

ఆ ధ్వజాల వెనుక ముప్పదిమూడేండ్ల అవమానం ఉన్నది. క్రీ.పూ. 53లో క్రాసస్ అనే సేనాని యూఫ్రటీసు నది దాటి పార్థియనులపై దండెత్తాడు. సంస్కృత గ్రంథాలలోని పహ్లవ శబ్దం వీరి పేరునుండి వచ్చినదే. కర్రే మైదానంలో పార్థియను విలుకాండ్రు గుర్రాలమీదనుంచి కురిపించిన బాణవర్షానికి రోమను సైన్యం కూలిపోయింది. ఇరవైవేలమంది మరణించారనీ, పదివేలమంది చెరపడ్డారనీ ప్లూటార్కు వ్రాశాడు. క్రాసస్ కూడ హతుడైనాడు. సేనల ధ్వజాలు శత్రువుల వశమైనాయి. రోమను సైనికునికి ధ్వజమంటే వట్టి కర్ర కాదు; దళమంతటికీ అది దైవసమానం. తరువాత క్రీ.పూ. 36లో ఆంటొనీ ఆ పగ తీర్చబోయి, తానూ భంగపడి తిరిగివచ్చాడు.

ఆగస్టస్ మార్గం వేరు. పార్థియా రాజైన నాల్గవ ఫ్రాటీసుకు సింహాసనం స్థిరంగా లేదు. అతని పసికొడుకు ఒకడు రోమకుల చేతికి చిక్కాడు. ధ్వజాలనూ బందీలనూ తిరిగి ఇవ్వాలన్న కోరికతో ఆగస్టస్ ఆ బాలుని తండ్రివద్దకు పంపివేశాడు. ఫ్రాటీసు జాగుచేశాడు. క్రీ.పూ. 20లో చక్రవర్తి స్వయంగా తూర్పుదేశాలకు వచ్చేసరికి, యుద్ధం తప్పదేమోనని తలచి ఇచ్చివేశాడు. ఇరుసేనలూ తలపడలేదు. రాయబారంతో సాధించిన కార్యం ఇది. మహాభారతం చదివినవారికి రాయబారం విలువ వేరే చెప్పనక్కరలేదు.

అయితే రాయబారాన్ని నాణెంమీద చెక్కడమెట్లా? ఇద్దరు దూతలు కూర్చుండి మాట్లాడుకొంటున్న బొమ్మకు ఏ సైనికుడు ఉప్పొంగుతాడు? అందుకే టంకశాలవారు పార్థియనుణ్ణి మోకాళ్లమీద నిలిపారు. ఇక్కడ గమనింపదగిన విశేషం ఒకటున్నది. అక్షరాలు అబద్ధమాడలేదు. అవి "జయించాము" అనలేదు. "ధ్వజాలు తిరిగి పుచ్చుకొన్నాము" అని మాత్రమే అన్నాయి. గొప్పలు చెప్పుకొన్నది బొమ్మ. చదువు రాని సైనికుడు చూచేది బొమ్మనే కదా! అతని సాలీనా జీతం 225 దేనారియస్‌లు. జీతంతోపాటు విజయవార్త కూడ అతని చేతిలో పడేది.

ఇదే చక్రవర్తి క్రీ.పూ. 28లో ఈజిప్టు విజయానికి గుర్తుగా మొసలి బొమ్మతో వెండినాణెం వేయించినప్పుడు, ఆ దేశం నిజంగా పట్టుబడినదే. పార్థియా విషయంలో మాత్రం బొమ్మ నేర్పిన మాటనే చివరకు చక్రవర్తి కూడ పలికాడు. అంకారా నగరంలోని ఆలయపు గోడలపై నేటికీ కనిపించే తన చరిత్రశాసనంలో, పార్థియనులచేత బలవంతాన ధ్వజాలు ఇప్పించాననీ, వారు అర్థులై రోము స్నేహాన్ని వేడుకొన్నారనీ ఆయన చెప్పుకొన్నాడు.

ఆగస్టస్ కాలపు దేనారియస్‌లు ఓడలెక్కి దక్షిణాపథానికీ వచ్చాయి. దీనార శబ్దం ఈ నాణెం పేరునుండి పుట్టినదే; శ్రీనాథుని దీనారటంకాలకు పూర్వికుడు ఈ వెండిబిళ్ల. రోములో వెండిగా ఉన్న మాట మనదేశంలో బంగారం కావడం దాని అదృష్టం. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో ఆగస్టస్, టైబీరియస్‌ల వెండినాణేలు పదిహేనువందలకు పైగా ఒక్కచోట దొరికాయి. దక్షిణదేశంలో దొరికిన ఇట్టి నాణేలు కొన్నింటిమీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఉలిగాట్లున్నాయి. కారణమేమిటని పండితులు ఇంకా వాదించుకొంటున్నారు. వెండి మేలిమిని పరీక్షించడానికేనన్నది ఒక పక్షం. ఏమైనా ఇక్కడి వర్తకునికి కావలసినది లోహమే కాని, చక్రవర్తి ప్రతాపం కాదు.

మనదేశానికి వచ్చిన ఆగస్టస్ వెండినాణేలలో మోకరిల్లిన పార్థియనుని బొమ్మ కాక, మరొక బొమ్మ విస్తారంగా కనిపిస్తుంది. డాళ్లూ ఈటెలూ మధ్య నుంచుకొని నిలుచున్న ఇద్దరు యువకులు. ఆగస్టస్ దత్తు చేసుకొన్న మనుమలు, గైయస్, లూసియస్. పెద్దవాడైన గైయస్‌ను చక్రవర్తి ఆ తూర్పు సరిహద్దుకే పంపాడు. యూఫ్రటీసు నడుమ లంకలో ఫ్రాటీసు కుమారునితో సంధి మాట్లాడినవాడు అతడే. తరువాత ఆర్మీనియాలో ఒక కోటవద్ద గాయపడి, క్రీ.శ. 4లో ఇల్లు చేరకుండానే కన్నుమూశాడు.