పడవకో బండి

కపిలేశ్వరపురం గౌతమీ గోదావరి ఒడ్డున ఉంది. ఆ మండలంలో కేదార్లంక, వీధివారిలంక వంటి లంక ఊళ్లు ఉన్నాయి. లంక వాళ్లకి పడవ లేనిదే రోజు గడవదు. పంట తేవాలన్నా, చేపలు పట్టాలన్నా, వరదలో ఊరు దాటాలన్నా పడవే దిక్కు.

నీళ్లలో చిన్న పడవ తేలిక. ఒక్కరే గెడ వేసి నడపవచ్చు. అదే పడవ ఒడ్డుకి వస్తే ఎంతో బరువు. వరదకి ముందు దాన్ని గట్టు మీదకి చేర్చాలి. మరమ్మతుకి ఊళ్లోకి తేవాలి. దానికి ఏడెనిమిది మంది కావాలి. మగవాళ్లు పనికి పోయిన రోజున ఏం చెయ్యాలి? పైగా ఇసుకలో, రాళ్ల మీద ఈడిస్తే పడవ అడుగు అరుగుతుంది. అరిగిన చోట నీరు ఊరుతుంది.

దీనికి ఒక ఉపాయం ఉంది. అదే రెండు చక్రాల బండి. ఊళ్లో వెల్డింగు షాపులోనే చేయించుకోవచ్చు. అయితే కొలతలు మీకు తెలిసి ఉండాలి.

కావడిలో ఉన్న కిటుకు

కావడి మోసేవాళ్లు కర్రని సరైన చోట భుజం మీద పెట్టుకుంటారు. అప్పుడు కర్ర ఎటూ వాలదు. పడవకీ అలాంటి చోటు ఒకటి ఉంటుంది. దాన్ని తూకం చోటు అందాం.

ముందుగా పడవలోని నీళ్లు, వలలు, ఇంజను తీసెయ్యండి. చదును నేల మీద గుండ్రటి దుంగని అడ్డంగా వెయ్యండి. నలుగురైదుగురు కలిసి పడవని దాని మీదకి ఎక్కించండి. నెమ్మదిగా ముందుకీ వెనక్కీ జరపండి. రెండు కొనలూ నేలకి తగలకుండా నిలిచిందా? దుంగ ఉన్న చోటే తూకం చోటు. అక్కడ సుద్దముక్కతో గీత గీయండి. ఈ గీత సరిగ్గా పడవ మధ్యలోనే పడుతుందని అనుకోకండి. వెనక భాగం బరువైతే గీత వెనక్కి పడుతుంది.

ఇరుసు ఎక్కడ ఉండాలి?

రెండు చక్రాలనీ కలిపే కడ్డీయే ఇరుసు. అది తూకం గీతకి కొంచెం వెనకగా ఉండాలి. ఎంత వెనక? ఈ లెక్క చూడండి.

పడవ బరువు 200 కిలోలు అనుకోండి. గీతకి 1 అడుగు వెనక ఇరుసు ఉంది. ఇరుసుకి 10 అడుగుల ముందు చేతిపిడి ఉంది. 200ని 1తో గుణించి, 10తో భాగించండి. 20 కిలోలు వస్తుంది. చేతుల మీద పడేది అంతే. మిగతా 180 కిలోలు చక్రాలు మోస్తాయి. ఇద్దరు పట్టుకుంటే మనిషికి 10 కిలోలు. నిండు నీళ్ల బిందె అంతకన్నా బరువు ఉండదూ? బండి కర్ర బరువు దీనికి కాస్త కలుస్తుంది.

ఇరుసు 3 అడుగులు వెనక్కి పోతే చేతుల మీద 60 కిలోలు పడుతుంది. మొయ్యడం కష్టం. ఇరుసు గీతకి ముందుకి పోతే పడవ వెనక్కి వాలుతుంది. చేతిపిడి ఒక్కసారిగా పైకి లేచి మొహానికి తగులుతుంది. అందుకే ఈ ఒక్క కొలతే బండికి ప్రాణం.

బండికి ఏమేం కావాలి?

ఇనుప గొట్టాలు, ఇరుసు, బేరింగులు, ఒకే సైజు టైరు చక్రాలు రెండు, నట్లు, బోల్టులు కావాలి. టైరు వెడల్పుగా ఉండాలి. సన్న చక్రం ఇసుకలో దిగిపోతుంది. చక్రాల మధ్య దూరం ఇంచుమించు పడవ వెడల్పంత ఉంటే బండి పక్కకి ఒరగదు. పడవ ఆనే చోట రెండు చెక్కలు బిగించండి. వాటి మీద గోనెపట్టా గానీ, పాత టైరు ముక్కలు గానీ వెయ్యండి.

కొలతలన్నీ కాగితం మీద రాసి షాపులో ఇవ్వండి. ఒక కాగితం మీ దగ్గర ఉంచుకోండి. పని అయ్యాక టేపుతో కొలిచి చూడండి. తేడా ఉంటే అక్కడే సరి చేయించండి. తర్వాత పడవ బరువుకి ఒకటిన్నర రెట్లు ఇసుక బస్తాలు వేసి లాగి చూడండి. 200 కిలోల పడవకి 50 కిలోల బస్తాలు 6 వెయ్యాలి. ఇరుసు వంగకపోతే బండి పనికొస్తుంది.

ప్రతి పడవకీ ఒక బండి అక్కర్లేదు. ఒకే కొలత పడవలు ఉన్నవాళ్లు కలిసి ఒకటి చేయించుకోవచ్చు. పొదుపు సంఘంలో మాట్లాడుకోండి.

ఎక్కించేటప్పుడు జాగ్రత్త

పడవని ఎత్తి బండి మీద పెట్టనక్కర్లేదు. రేవులో నీళ్లు నిమ్మళంగా ఉన్నప్పుడు బండిని నీళ్లలోకి దింపండి. పడవని దాని మీదకి తేల్చండి. మోకుతో కట్టి లాగండి. తర్వాత బేరింగులకి గ్రీజు పెట్టండి. లేకపోతే తుప్పు పడతాయి.

వాలులో మోకుని గట్టి చెట్టుకి చుట్టి, కొంచెం కొంచెంగా వదలండి. బండికి దిగువన ఎవరూ నిలబడకూడదు. ఆపినప్పుడు చక్రాల కింద రాయి పెట్టండి. ఈ చేతి బండిని మోటారు బండికి కట్టి రోడ్డెక్కకండి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం అలాంటి ట్రైలరుకి రిజిస్ట్రేషన్ ఉండాలి.

వరద కబురు

ధవళేశ్వరం దగ్గర నీళ్లు 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక ఇస్తారు. 13.75 అడుగులకి రెండోది. 17.75 అడుగులకి మూడోది. 1986 ఆగస్టులో, 2022 జూలైలో గోదావరి మూడో హెచ్చరిక కూడా దాటింది. మొదటి హెచ్చరిక వినగానే పడవని గట్టు మీదకి చేర్చండి. నీటి పోటు పెరిగాక పడవ కోసం నదిలో దిగకండి. పడవ పోతే మళ్లీ కొనుక్కోవచ్చు. మనిషి పోతే రాదు.

లెక్క చేసి చూడండి

1. పడవ బరువు 300 కిలోలు. ఇరుసు గీతకి 1 అడుగు వెనక ఉంది. చేతిపిడి ఇరుసుకి 10 అడుగుల ముందు ఉంది. చేతుల మీద ఎంత బరువు పడుతుంది?
2. ముగ్గురు పట్టుకుంటే ఒక్కొక్కరికి ఎంత?
3. మీ రేవులో ఎన్ని పడవలు ఉన్నాయి? వాటి పొడవు, వెడల్పు కొలిచి రాయండి.