గేరు బాక్సు మార్చిన పాత జీపు – స్పీడోమీటరును సరిచేసికొను విధము

పాత జీపు మన రైతులకు కొత్త కాదు. విల్లీస్ నమూనాపై మహీంద్రా వారు తయారుచేసిన జీపులు నేటికిని తోటలలోను, సంతకు పోవు దారులలోను అక్కడక్కడ కనిపించుచున్నవి. వీని గేరు బాక్సు అరిగిపోయినప్పుడు అసలు సామాను దొరకక, మరియొక బండి గేరు బాక్సును, ఒక్కొక్కప్పుడు వెనుక ఇరుసును కూడ తెచ్చి అమర్చుట కద్దు. బండి చక్కగా నడచును. కాని ఆనాటి నుండి స్పీడోమీటరు తప్పు చూపవచ్చును.

దీనివలన నష్టమేమని మీరు అడుగవచ్చును. ముల్లు 54 కిలోమీటర్లు చూపుచుండగా బండి నిజముగా 60 కిలోమీటర్ల వేగముతో పోవుచున్నదనుకొనుడు. బ్రేకు పట్టిన తరువాత బండి ఆగుటకు పట్టు దూరము వేగపు వర్గమును బట్టి పెరుగును. అనగా మీరు తలచినదానికంటె ఇంచుమించు నాలుగవ వంతు ఎక్కువ దూరము పోయి ఆగును. రాత్రివేళ, వెనుక కూరగాయల ట్రైలరు ఉన్నప్పుడు, ఈ తేడాయే ప్రాణము మీదికి తేవచ్చును. అంతేకాదు. మీటరు దూరమును కూడ తక్కువ చూపిన, లీటరుకు 10 కిలోమీటర్లు ఇచ్చు ఇంజను 9 మాత్రమే ఇచ్చుచున్నట్లు తోచును. మంచి ఇంజనును విప్పించి డబ్బు పాడుచేసికొందురు. ఆయిలు మార్పు కూడ ఆలస్యమగును.

మీటరు పనిచేయు తీరు

స్పీడోమీటరుకు వేగము తెలియదు. దానికి తెలిసినది కేబిలు ఎన్ని చుట్లు తిరిగినదన్నది మాత్రమే. కేబిలు చివర తిరుగు అయస్కాంతము అల్యూమినియపు గిన్నెను తనతో లాగును. సన్నని స్ప్రింగు దానిని వెనుకకు పట్టును. ఈ రెంటి మధ్య ముల్లు నిలుచును. దూరమును చూపు అంకెలు మాత్రము పళ్లచక్రములతో నేరుగా కేబిలు చుట్లను లెక్కించును.

అంబాసిడరు వంటి కార్లలో ఈ కేబిలును తిప్పు చిన్న పినియను గేరు బాక్సు వెనుక కొసలో ఉండును. పాత విల్లీస్ జీపులో అది ట్రాన్స్‌ఫర్ కేసులో ఉండును. రెండు చోట్లను అది గేర్లు దాటిన తరువాతనే ఉన్నది. కనుక మీరు ఏ గేరులో నడపినను మీటరుకు తేడా రాదు. తేడా వచ్చునది పినియను పళ్లు మారినప్పుడు, ఇరుసు మారినప్పుడు, టైరు కొలత మారినప్పుడు మాత్రమే. జీపులో ట్రాన్స్‌ఫర్ కేసును కదపక గేరు బాక్సు ఒక్కటే మార్చినచో మీటరు చెడదు. అదే జీపులో 43 పళ్ల క్రౌను, 8 పళ్ల పినియను గల ఇరుసును తీసి, పాత సైనిక జీపులోని 39, 8 పళ్ల ఇరుసును వేసినచో, మీటరు 10 కిలోమీటర్లకు సుమారు 9.1 మాత్రమే చూపును.

ముందు పరీక్ష, పిమ్మట మరమ్మతు

1. వేయదలచిన టైర్లను ముందే వేసి, గాలి సరిగా పట్టించుడు.

2. మీటరుపై ఉన్నవి మైళ్లో కిలోమీటర్లో చూడుడు. ఒక మైలు 1.609 కిలోమీటర్లు. మైళ్ల మీటరును తప్పుడు మీటరని భ్రమపడినవారు కలరు.

3. కిలోమీటరు రాళ్లున్న తిన్నని రోడ్డుపై 10 కిలోమీటర్లు నడిపి, మీటరు చూపిన దూరమును వ్రాసికొనుడు. పదవ వంతుల అంకె లేని మీటరైనచో 50 కిలోమీటర్లు నడపవలెను. సెల్‌ఫోనులోని జి.పి.యస్. కొలతతో దీనిని సరిపోల్చుకొనవచ్చును.

4. ముల్లును ఒకే చోట నిలిపి, ఒక కిలోమీటరుకు పట్టిన సెకండ్లను ప్రక్కన కూర్చున్న మరియొకరిచేత చూపించుడు. 3600ను ఆ సెకండ్లతో భాగించిన నిజమైన వేగము వచ్చును. 60 సెకండ్లు పట్టిన వేగము 60 కిలోమీటర్లు.

దూరము సరిగా ఉండి ముల్లు మాత్రమే తప్పినచో దోషము మీటరులోనిది. దానిని మీటర్లు బాగుచేయువానికి చూపవలెను. దూరము, వేగము రెండును ఒకే పాళ్లలో తప్పినచో దోషము పినియనుది. ముల్లు వణకుచున్నచో కేబిలు ఎండిపోయినదో, మరీ వంగినదో చూడుడు. కేబిలుకు గ్రీజు పలుచగా పట్టించవలెను. మీటరు వైపు నాలుగైదు అంగుళములు వదలివేయవలెను. లేనిచో గ్రీజు మీటరులోనికి ఎక్కును.

లెక్క

కేబిలును తిప్పు పినియను పళ్లను, మీటరు చూపిన దూరముతో గుణించి, నిజమైన దూరముతో భాగింపుడు. వచ్చినది కావలసిన పళ్ల సంఖ్య. ఉదాహరణకు పినియనుకు 20 పళ్లు ఉండి, 10 కిలోమీటర్లకు మీటరు 9.1 చూపినదనుకొందము. 20ని 9.1తో గుణించి 10తో భాగించగా 18.2 వచ్చును. అప్పుడు 18 పళ్ల పినియను వేయవలెను. మీటరు 10కి 10.1 చూపును. కొంచెము ఎక్కువ చూపు మీటరు మేలు, తక్కువ చూపునది కీడు.

కొత్త పినియను లావులోను, పళ్ల వాలులోను లోపలి చక్రముతో సరిపోవలెను. బలవంతముగా దిగగొట్టరాదు. తగిన పినియను దొరకనిచో, కేబిలు మధ్య అమర్చు చిన్న గేరు పెట్టెను అదే లెక్కతో చేయించుకొనవచ్చును. ముల్లును ఊడదీసి జరిపి పెట్టుట మాత్రము తగదు. అది ఒక్క వేగము దగ్గర సరిపడి, తక్కిన అన్నింట తప్పును. దూరపు అంకెలు ఎప్పటివలెనే తప్పుచుండును.

పని పూర్తియగువరకు, మీ పరీక్షలో తేలిన లెక్కను చిన్న కాగితముపై వ్రాసి మీటరు ప్రక్కన అంటించుడు. పై ఉదాహరణలోని బండికైనచో: "36 చూపిన 40, 45 చూపిన 50, 54 చూపిన 60." బండిని మీరు కాక మీ కుమారుడో, జీతగాడో నడపవచ్చును. వారికిని నిజము తెలియవలెను గదా!