వార్తల్లో పదం: పీబీఐ పొర

కాకినాడలో హైడ్రోజన్ ఆధారముగా ఏటా పది లక్షల టన్నుల హరిత అమోనియా నుత్పత్తి చేయు కర్మాగారమునకు 2024లో పెట్టుబడి నిర్ణయము వెలువడుటతో, రామచంద్రపురమువంటి పొరుగు పట్టణములకు హైడ్రోజన్ దూరపు విషయము కాకపోయినది. ఆ వాయువును విద్యుత్తుగా మార్చు ఇంధన ఘటమునకు ప్రాణము దాని నడుమనున్న పాలిమర్ పొర. హైడ్రోజన్ నుండి విడివడిన ప్రోటానులను తనగుండ పోనిచ్చి, ఎలక్ట్రానులను బయటి తీగమార్గమున నడపించుట దాని ధర్మము.

నాఫియాన్ వంటి వాడుకలోని పొర తడియున్నంతవరకే పనిచేయును. సుమారు 80 డిగ్రీల సెల్సియస్ దాటినకొలదిని నీరావిరియై, అది శక్తిహీనమగును. ఫాస్ఫారిక్ ఆమ్లములో నానిన పాలిబెంజిమిడజోల్, అనగా పీబీఐ పొరయో, నీటి యాసరా లేకయే 120 నుండి 200 డిగ్రీల వరకు ప్రోటానులను చేరవేయును. 1995లో అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనిని ప్రతిపాదించిరి. అంతటి వేడిమిలో ప్లాటినం ఉత్ప్రేరకమును కార్బన్ మోనాక్సైడ్ తేలికగా చెరుపజాలదు గనుక, మిథనాలు మొదలగువాని నుండి తీసిన, పూర్ణశుద్ధి లేని హైడ్రోజనుతోను ఘటము నడచును. ఆమ్లము క్రమముగా హరించుటయు, పొర పటుత్వము తగ్గుటయు దీని లోపములు.

ఇట్టి అధికోష్ణ ఘటమునే, 5 కిలోవాట్ల సామర్థ్యముతో, సీఎస్ఐఆర్ ప్రయోగశాలలు రూపొందింపగా, 2019 సెప్టెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఢిల్లీలో ఆవిష్కరించిరి. ఇంధనమును పుట్టించు కాకినాడ తీరము పొరను గూడ పుట్టింపవలెను. మన విశ్వవిద్యాలయముల రసాయన శాఖలు ఈ పనికి పూనుకొనవలెను.